పెళ్ళయ్యాక కలిసి ఉన్నది 24 రోజులే, ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసా వస్తుందా?

చెల్లెమ్మా, నీకంటే పదేళ్ళయినా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఒడిశాలోని రాయగడ. నాలుగు నెలల కిందట మేనమామ కొడుకుతో పెళ్ళయింది. అతను మెల్‌బోర్న్‌లో పర్మనెంట్ రెసిడెంట్. సెలవు అయిపోయి పెళ్ళయిన 24 రోజులకే వెళ్ళిపోయాడు. విశాఖలో ఒక కన్సల్టెంట్ ‘ఏడాది కలిసి ఉంటేనే వీసా, లేకపోతే రిజెక్టే’ అని భయపెట్టి, పాత తేదీతో అద్దె అగ్రిమెంట్ తయారు చేయించి ఇస్తానన్నాడు. మేనరికం సంగతి ఎక్కడా రాయొద్దన్నాడు. పైగా సర్టిఫికెట్లలో నీ పేరు మూడు రకాలుగా ఉంది. రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదని రాశావు.

మాది బరంపురం. నా పెళ్ళి 2018 ఫిబ్రవరిలో అయింది. సెప్టెంబరులో దరఖాస్తు వేశాం, 2019 డిసెంబరులో వీసా వచ్చింది. మాదీ మొదట కొన్ని వారాల కాపురమే. ఆ తర్వాత బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు మావాళ్ళ పిల్లలు కొందరితో కూర్చుని వాళ్ళ ఫైళ్ళు దగ్గరుండి తయారు చేయించాను. నేను లాయర్ని కాను. కానీ ఈ కాగితాల్లో ఎక్కడ కాలు జారుతుందో నా అనుభవంలో చూశాను.

ముందు ఈ రాత్రి నువ్వు నిద్రపోవడానికి కావలసిన మాట. 24 రోజులే కలిసి ఉన్నారన్న ఒక్క కారణంతో నీ వీసా ఆపరు. ఏడాది కలిసి ఉండాలన్న నిబంధన పెళ్ళి కాకుండా సహజీవనం చేసేవాళ్ళకి, అంటే డీ ఫాక్టో జంటలకి. చట్టప్రకారం పెళ్ళయినవాళ్ళకి ఆ 12 నెలల లెక్క లేదు. నీ విషయంలో వాళ్ళు చూసేది వేరు. ఈ పెళ్ళి నిజమైనదా, మీరిద్దరూ దీన్ని జీవితాంతం అనుకుని చేసుకున్నారా, మీరు దూరంగా ఉండటం శాశ్వతంగా విడిగా ఉండటం కాదు కదా అని చూస్తారు. ఉద్యోగం వల్ల, వీసా లేకపోవడం వల్ల అతను అక్కడ, నువ్వు ఇక్కడ ఉండటం తాత్కాలికమే. ఆ మాట రాతలో కనపడాలి, దానికి తగ్గ ఆధారాలు ఉండాలి.

ఇంకా ముందుకు వెళ్ళే ముందు మీ ఆయన్ని ఒక్క విషయం ఖాయంగా అడిగి తెలుసుకో. అతనిది నిజంగా పర్మనెంట్ రెసిడెన్సీయేనా, లేక వర్క్ వీసానా? మనవైపు ‘పీఆర్ వచ్చేసింది’ అని పెళ్ళి మాటల్లో చెప్పేసి, తీరా చూస్తే ఇంకా 482 వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళున్నారు. అందులో ప్రతిసారీ మోసం ఉండదు, పెద్దవాళ్ళకి తేడా తెలియక కూడా అలా చెప్తారు. పార్ట్‌నర్ వీసాకి స్పాన్సర్ చెయ్యగలిగేది ఆస్ట్రేలియా పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లు, అర్హత ఉన్న న్యూజీలాండ్ పౌరులు మాత్రమే. వర్క్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్న భర్త దగ్గరికి డిపెండెంట్‌గా వెళ్తారు, అది పూర్తిగా వేరే దారి. స్టూడెంట్ వీసా వేసేనాటికే పెళ్ళయి ఉండి, ఆ దరఖాస్తులో భార్య పేరు చూపించకపోతే తర్వాత పెద్ద చిక్కు. నీకు ఆ బాధ లేదనే అనుకుంటున్నాను. అయినా అతని గ్రాంట్ లెటర్, అంటే వీసా ఇచ్చినట్టు వచ్చిన ఉత్తరం, నీ కళ్ళతో చూడు. భార్యగా అది అడిగే హక్కు నీకుంది, అడిగితే తప్పు పట్టుకునేదేం లేదు.

నువ్వు వేయాల్సింది సబ్‌క్లాస్ 309, దాంతోపాటే 100. రెండింటికీ ఒకే దరఖాస్తు, ఒకే ఫీజు. ఇవి పార్ట్‌నర్ వీసాలో రెండు దశలు, 309 తాత్కాలికం, 100 శాశ్వతం. వేసేటప్పుడు నువ్వు ఆస్ట్రేలియా బయట ఉండాలి, ఉన్నావు. మొత్తం ఇమ్మిఅకౌంట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే జరుగుతుంది. ముందు నీ దరఖాస్తు వేస్తావు, దానికొక నంబరు వస్తుంది, ఆ నంబరు పెట్టి మీ ఆయన తన ఖాతా నుంచి స్పాన్సర్‌షిప్ ఫారం వేస్తాడు. ఆ రెండో ఫారం మర్చిపోయి నెలల తరబడి ఎదురు చూసిన జంట ఒకటి నాకు తెలుసు.

ఇప్పుడు ఆ కన్సల్టెంట్ సంగతి. చెల్లెమ్మా, ఆ అద్దె అగ్రిమెంట్ జోలికి వెళ్ళకు. నేను చేయెత్తి మొక్కి చెప్తున్నాను. ఆస్ట్రేలియా నిబంధనల్లో 4020 అని ఒకటుంది. తప్పుడు కాగితం గానీ తప్పుదోవ పట్టించే సమాచారం గానీ ఇచ్చినట్టు తేలితే ఆ దరఖాస్తు తిరస్కరించడమే కాదు, మూడేళ్ళపాటు ఇంకో వీసా రాకుండా అడ్డు పడుతుంది. నువ్వెవరివి అన్న గుర్తింపు విషయంలోనే మోసం ఉంటే పదేళ్ళు. కాగితం తయారు చేసింది కన్సల్టెంట్ అయినా అనుభవించేది నువ్వే. నిజమైన పెళ్ళి చేసుకుని, నిజమైన ఆధారాలు ఇంటినిండా పెట్టుకుని, ఒక దొంగ కాగితం వల్ల పోగొట్టుకోవడమంత అన్యాయం ఇంకోటి లేదు. నన్నూ ఒకాయన అలాగే అడిగాడు. బరంపురంలో మేమిద్దరం ఆర్నెల్లు అద్దెకున్నట్టు రాయిస్తానన్నాడు. అతని పాస్‌పోర్టు మీద వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ ముద్రలుంటాయి కదా, ఆ మాత్రం ఆలోచన కూడా లేదు ఆయనకి. ఇచ్చిన అడ్వాన్సు వదులుకుని వచ్చేశాం.

ఏజెంటు లేకుండా వేసుకోవచ్చు. మీది మొదటి పెళ్ళి, పాత రిజెక్షన్లు లేవు, పోలీసు కేసులు లేవు. ఇంగ్లీషులో ఫారం చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. ఎవరికైనా పాత విడాకులో, వీసా తిరస్కరణో ఉంటే అప్పుడు డబ్బు పెట్టి ఆస్ట్రేలియాలో రిజిస్టర్ అయిన మైగ్రేషన్ ఏజెంటునో, అక్కడి లాయరునో పెట్టుకోవడం మంచిది. రిజిస్టర్ అయిన ఏజెంటుకి ఒక నంబరుంటుంది, అక్కడి ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నంబరు అడిగితే మాట మార్చేవాళ్ళ దగ్గర కూర్చోవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెళ్ళి నిజమా కాదా అన్నది చూడటానికి ఆస్ట్రేలియా మైగ్రేషన్ రెగ్యులేషన్స్, 1994లో నాలుగు వైపులు చెప్పారు. డబ్బు విషయాలు, ఇంటి వ్యవహారం, నలుగురిలో మీరు భార్యాభర్తలుగా ఉన్న తీరు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం. నాలుగూ సమానంగా నిండి ఉండాలని లేదు. కలిసి కాపురం చెయ్యని కొత్త జంటకి ఇంటి వ్యవహారం వైపు పలచగానే ఉంటుంది, అది ఆఫీసరుకీ తెలుసు. ఆ పలచదనం ఎందుకో చెప్పాలి, మిగతా మూడు వైపులా గట్టిగా చూపించాలి. కన్సల్టెంట్లు మాత్రం ఖాళీగా ఉన్న గడిని దొంగ కాగితంతో నింపాలని చూస్తారు.

డబ్బు విషయం అనగానే అందరూ జాయింట్ అకౌంట్ కోసం పరుగెడతారు. మీ ఆయన ఎన్నారై కాబట్టి ఇక్కడ మామూలు ఖాతాలో అతని పేరు చేర్చడానికి బ్యాంకుల్లో సవాలక్ష అడుగుతారు. అది లేకపోతే కొంప మునగదు. అతను నీ ఖాతాకి పంపిన డబ్బు, నువ్వు ఆ డబ్బుతో ఏం చేశావో దాని వివరం, ఇన్సూరెన్సులో నామినీగా నీ పేరు మార్చుకోవడం, అక్కడ అతని సూపర్ ఫండ్‌లో (మన పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ నిధి) నిన్ను వారసురాలిగా పెట్టడం, పెళ్ళి ఖర్చు రెండు వైపులా ఎలా పంచుకున్నారో ఆ బిల్లులు, ఇవన్నీ పనికొస్తాయి. మొత్తం ఎంత అన్నది కాదు, క్రమం తప్పకుండా ఉందా అన్నది చూస్తారు. దరఖాస్తుకి ముందు వారం ఒక్కసారిగా రెండు లక్షలు పంపడం కంటే నెలనెలా పదివేలు పంపడం ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంటి వ్యవహారం అంటే, ఆ 24 రోజులే. వాటిని తక్కువ చేసి చూడకు. ఏ రోజు ఎక్కడున్నారో క్యాలెండరు ముందు పెట్టుకుని రాయి. అత్తగారింట్లో ఎన్ని రాత్రులు, పుట్టింట్లో ఎన్ని, మజ్జిగౌరి గుడికి ఎప్పుడు వెళ్ళారు, మీ ఆయన్ని విమానం ఎక్కించడానికి భువనేశ్వర్ దాకా వెళ్ళారా విశాఖ దాకానా, రైలు టికెట్టు ఉందా. మెల్‌బోర్న్‌లో అతనుంటున్న ఇంట్లో నీకోసం ఏం మార్చాడు? ఇంకో ఇద్దరితో కలిసి ఉండేవాడు విడిగా ఇల్లు చూస్తున్నాడా? అయితే ఆ ఇళ్ళ ఏజెంట్లకి పెట్టిన మెయిళ్ళు కూడా ఆధారమే.

నలుగురిలో అన్న దానికి మనకి కొరతే లేదు. మన పెళ్ళిళ్ళలో అయిదువందల మంది ముందు తాళి కడతారు. కానీ ఫోటోలు పెట్టే తీరు మార్చుకోవాలి. స్టూడియో ఆల్బమ్‌లో ఎర్ర పూల మధ్య ఇద్దరే నిలబడ్డ ఫోటోలు రెండు చాలు. నిశ్చితార్థం, పసుపు దంచడం, తలంబ్రాలు, అప్పగింతలు, వ్రతం, పెళ్ళయ్యాక బంధువుల ఇంటి భోజనాలు, వీటిలో మీరిద్దరూ మిగతావాళ్ళతో కలిసి ఉన్నవి ముప్పయి నలభై ఏరుకో. ఒక్కొక్కదాని కింద తేదీ, ఊరు, పక్కనున్నది ఎవరు అని రాయి. ‘అప్పగింతలు, వధువు తండ్రి కూతురి చేతిని అత్తగారి చేతిలో పెడుతున్నారు’ అని ఒక ముక్క రాస్తే, ఈ ఆచారాలేవీ తెలియని మనిషికి ఆ ఏడుపు ముఖాలు ఎందుకో అర్థమవుతుంది. లేకపోతే బలవంతపు పెళ్ళేమో అనుకునే ప్రమాదం ఉంది. నిజంగానే నేను ఆ భయంతోనే రాశాను.

నాలుగోది, కట్టుబడి ఉండటం. నా ఫైలులో అన్నిటికంటే బలమైన కాగితం దీని కిందే వచ్చింది, అదీ నేను అనుకోకుండా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి మేం దరఖాస్తు వేసి నెల కూడా కాలేదు. మా బరంపురంలోనే కరెంటు పోయి ఫోన్లు పనిచెయ్యలేదు. గజపతి జిల్లాలో మా పిన్ని వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. మా ఆయన ఆస్ట్రేలియా నుంచి నాకు ఫోను కలవక, మా అన్నయ్యకి, భువనేశ్వర్‌లో స్నేహితుడికి, చివరికి మా వీధి మందుల దుకాణం ఆయనకి కూడా ఫోన్లు చేశాడు. ఒక్క రాత్రిలో 37 కాల్స్. ఆ కాల్ లిస్టు, స్నేహితుడితో ‘ఆమె క్షేమమేనా, ఒక్క మాట కనుక్కో’ అన్న మెసేజి, తర్వాత పిన్ని ఇంటి రేకులకి పంపిన డబ్బు రసీదు, ఇవన్నీ తర్వాత అప్‌లోడ్ చేశాం. దరఖాస్తు వేశాక కూడా నిర్ణయం వచ్చేదాకా కాగితాలు చేర్చవచ్చు. అవి చేరుస్తూ నేను ఏడ్చాను. వీసా కోసం కాదు, ఆ రాత్రి అతనెంత అల్లాడాడో అప్పుడే నాకు పూర్తిగా తెలిసింది. నీకు తుఫాను రావాలని కాదు. ఈ నాలుగు నెలల్లో జ్వరమొచ్చిన రోజు, పరీక్ష రోజు, ఇంట్లో మాట వచ్చిన రోజు మీరిద్దరూ ఎలా ఉన్నారో వెనక్కి వెళ్ళి చూడు. ఆధారం అక్కడుంటుంది.

వాట్సాప్ చాట్ మొత్తం వెయ్యి పేజీలు పెట్టకు, ఎవరూ చదవరు. నెలకి రెండు మూడు పేజీలు, కాల్ లాగ్ వేరే. ఇక్కడ మనవాళ్ళకే ఉన్న ఒక చిక్కు చెప్తాను. మనం తెలుగు మాట్లాడతాం, ఒడియాలో చదువుకున్నాం, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తాం. ఒక లైనులో ‘తిన్నావా’ అని, ఇంకో లైనులో ‘ఖాయిల కి’ అని ఉంటుంది. దీన్ని అనువాదం చేసేవాళ్ళకి రెండు భాషలూ రావాలి. నా చాట్ పేజీలు అనువాదానికి ఇస్తే, ఆయనకి ఒడియా, ఇంగ్లీషు బాగా వచ్చుగానీ తెలుగు పైపైనే. నేను మా ఆయన్ని ‘బావా’ అని పిలుస్తాను. ఆయన ప్రతిచోటా ‘బ్రదర్ ఇన్ లా’ అని పెట్టాడు. ‘బ్రదర్ ఇన్ లా, నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది’ అని ఉంది ఆ కాగితంలో! అప్‌లోడ్ చేసేముందు రాత్రి చదివాను కాబట్టి బతికిపోయాను. మళ్ళీ చేయించి, ‘బావ అన్నది మేనత్త, మేనమామల కొడుకునీ, చాలా తెలుగు కుటుంబాల్లో భర్తనీ పిలిచే పిలుపు’ అని పైన ఒక వివరణ పెట్టాం. నీకు ఈ వివరణ నాకంటే ఎక్కువ అవసరం, నీ భర్త రెండు విధాలా బావే.

అనువాదకుల సంగతి కూడా చెప్పేస్తాను. ఆస్ట్రేలియాలో చేయిస్తే అనువాదకులకి గుర్తింపు ఇచ్చే అక్కడి సంస్థ ‘నాటి’ (NAATI) గుర్తింపు ఉన్నవాళ్ళే చెయ్యాలి. ఇండియాలో చేయిస్తే ఆ గుర్తింపు అక్కర్లేదు గానీ, చేసినవాళ్ళ పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఆ భాషలో వాళ్ళ అర్హత, అనుభవం ప్రతి అనువాదం మీదా ఇంగ్లీషులో ఉండాలి. నీ దగ్గర ఒడియాలో ఉన్న ప్రతి కాగితానికీ, తెలుగు శుభలేఖకీ ఇది వర్తిస్తుంది.

ఇప్పుడు మేనరికం. దాచవద్దు. ఎందుకంటే అది తప్పు కాదు, పైగా దాస్తే దాగదు. నీ తల్లి పుట్టింటి పేరు, అతని తండ్రి పేరు కాగితాల్లో పక్కపక్కనే కనపడతాయి. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిని నిషేధిస్తూనే, ఇద్దరి వైపు ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని అయిదో సెక్షన్‌లో చెప్పింది. మన కులాల్లో మేనమామ బిడ్డని చేసుకోవడం తాతల నాటి ఆచారం. ఆస్ట్రేలియా 1961 వివాహ చట్టం కూడా నిషేధించేది తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, మనవలు లాంటి నేరు వరసనీ, తోబుట్టువులనీ మాత్రమే. మేనబావ ఆ జాబితాలో లేడు. నీ చుట్టుపక్కల ఒడియా వాళ్ళు ‘అన్నాచెల్లెళ్ళ వరస కదా’ అని ముక్కున వేలేసుకుంటే నీకు సిగ్గుగా అనిపించి ఉంటుంది, ఆ కన్సల్టెంట్ కూడా ఆ సిగ్గు మీదే ఆడుకున్నాడు. అవసరం లేదు. మీ అమ్మ, మీ మేనమామ ఇద్దరూ కలిసి ఒక అఫిడవిట్ ఇవ్వమను. మీ కుటుంబంలో ఇంతకుముందు జరిగిన మేనరికాలు ఏవి, ఈ సంబంధం ఎప్పుడు ఎవరు మాట్లాడారు, మీ ఇద్దరినీ విడివిడిగా అడిగారా అని అందులో ఉండాలి. ఆఖరి ముక్క చాలా ముఖ్యం. బంధువులు కాబట్టి ఒకరికి వీసా ఇప్పించడానికి చేసిన పెళ్ళేమో అన్న అనుమానం ఆఫీసరుకి రావచ్చు. అందుకే చిన్నప్పటి బంధుత్వం వేరు, పెళ్ళి ఆలోచన వచ్చాక మీ మధ్య మారింది వేరు అన్నది స్పష్టంగా రాయాలి. వేసవి సెలవుల్లో మామిడికాయలకి కొట్టుకున్న బావని మొగుడిగా ఊహించుకోవడానికి నీకెన్నాళ్ళు పట్టింది? అది రాయి. అలాంటి వాక్యం ఏ కన్సల్టెంటూ రాయలేడు.

పేరు గొడవకి భయపడకు, మన జిల్లాల్లో ఇది లేని ఇల్లు లేదు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు, ఇక్కడి బళ్ళో చేర్చేటప్పుడు మాస్టారు దాన్ని వెనక పెట్టారు, లేదా అసలు పెట్టకుండా ‘కుమారి’ అని ముగించారు. కటక్ బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా. ఇప్పుడు అన్నీ మార్పించే పని పెట్టుకుంటే ఏడాది పోతుంది. దరఖాస్తులో నిన్ను ఇంకా ఏ ఏ పేర్లతో పిలుస్తారు, రాస్తారు అని అడిగే చోటుంది. వ్యక్తిగత వివరాలు రాసే ఫారం 80లో కూడా ఉంది. ఉన్న ప్రతి స్పెల్లింగూ అక్కడ రాసెయ్. ఇవన్నీ ఒకే మనిషి అని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించు. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఆ పేరుతోనే దరఖాస్తు వేయాలి. పెళ్ళయింది కదా అని హడావిడిగా పాస్‌పోర్టులో అతని ఇంటిపేరుకి మార్చుకోవడం తప్పనిసరి కాదు.

కాగితాలే లేకపోతే ఏం చెయ్యాలన్నది నాకు 2013లో ఫైలిన్ తుఫాను నేర్పింది. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఆ రాత్రి మా ఇంట్లో బీరువా తడిసి నా సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. డూప్లికేట్లకి తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. కాబట్టి ఇవ్వాళే అన్నీ కలర్‌లో స్కాన్ చేసి ఫోనులో, మెయిల్లో, మీ ఆయన దగ్గర మూడుచోట్ల ఉంచు.

పెళ్ళి రిజిస్ట్రేషన్ అయిందా లేదా నువ్వు రాయలేదు. కాకపోతే మొదటి పని అదే. గుడి రసీదు, కల్యాణ మండపం బిల్లు సరిపోవు. రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం కావాలి. ఇద్దరూ వెళ్ళాల్సి రావచ్చు కాబట్టి, అతను మళ్ళీ వచ్చే తేదీ చూసుకుని మీ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కో. ఆ పత్రంలో పేర్లు పాస్‌పోర్టులతో అక్షరం అక్షరం సరిపోయేలా టైపు చేసేవాడి పక్కన నిలబడి చూసుకో.

సాక్షులుగా ఫారం 888 రెండు కావాలి. అవి ఇచ్చేవాళ్ళు 18 ఏళ్ళు దాటిన ఆస్ట్రేలియా పౌరులు గానీ పర్మనెంట్ రెసిడెంట్లు గానీ కావాలి. మీ ఇద్దరినీ, మీ బంధం సంగతీ ఎరిగినవాళ్ళై ఉండాలి, పెళ్ళికి వచ్చినవాళ్ళో, వీడియో కాల్‌లో నీతో తరచూ మాట్లాడేవాళ్ళో అయితే మేలు. మీ నాన్న, పెళ్ళి చేయించిన పంతులుగారు, పక్కింటి ఒడియా మాస్టారు మామూలు ఉత్తరంలా రాసి సంతకం పెట్టి ఇవ్వచ్చు, అవి 888లు కావు గానీ బలం ఇస్తాయి.

పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే, ఫీజు 500 రూపాయలు. పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాల్లో కూడా 2022 సెప్టెంబరు నుంచి ఇస్తున్నారు. రాయగడ నుంచి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భువనేశ్వర్ పోయే ముందు దగ్గర్లో ఏ కేంద్రంలో స్లాట్ ఉందో చూసుకో. నీ పాస్‌పోర్టులో పాత చిరునామా ఉంటే పోలీసులు కొత్త చోటికి వచ్చి విచారిస్తారు, కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. మెడికల్ మాత్రం ఏ డాక్టరు దగ్గర పడితే అక్కడ కుదరదు. వాళ్ళు గుర్తించిన ప్యానెల్ వైద్యుల దగ్గరే, అదీ ఇమ్మిఅకౌంట్ ఇచ్చే హ్యాప్ ఐడీ అనే మెడికల్ నంబరుతో. నేను ఫలక్‌నుమా ఎక్కి హైదరాబాదు వెళ్ళి చేయించుకున్నాను. ఈ రెండూ 12 నెలలకే చెల్లుతాయి, కాబట్టి తొందరపడి ముందే చేయించుకుని కూర్చోకు.

ఫీజు 2025 జూలై 1 నుంచి 9,365 ఆస్ట్రేలియా డాలర్లు. నేను కట్టినప్పుడు 7,160. ఇప్పటి ఫీజు మన డబ్బులో అయిదు లక్షలు దాటుతుంది, కార్డుతో కడితే సర్‌ఛార్జీ అదనం. దాదాపు ఏటా జూలైలో పెంచుతారు, వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. అందుకే అన్నీ సిద్ధమయ్యాకే కట్టమంటాను. ఒకవేళ తిరస్కరిస్తే మీ ఆయన అక్కడి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు, కానీ ఆ దారి పొడుగు.

ఎదురుచూసే నెలల్లో విజిటర్ వీసా మీద వెళ్ళి రావచ్చా అంటే, వేసుకోవచ్చు, చాలామంది వెళ్తారు. గ్రాంట్ లెటర్‌లో 8503 అన్న షరతు ఉందేమో చూసుకో, ఉంటే అక్కడుండగా ఇంకో వీసాకి వేయలేవు. మీ ఆయనే మళ్ళీ రాగలిగితే ఇంకా మంచిది. ఆ రాక కూడా ఫైలులోకి వెళ్తుంది.

309 వచ్చాక అక్కడ ఉద్యోగం చెయ్యవచ్చు, చదువుకోవచ్చు, మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకంలో చేరవచ్చు. దరఖాస్తు వేసిన తేదీ నుంచి రెండేళ్ళకి రెండో దశ కాగితాలు అడుగుతారు, అవి చూసి 100 ఇస్తారు. ఈ రెండేళ్ళ విషయంలో ఆడపిల్లలకి ఒక మాట తప్పక చెప్తాను, మీ బావ మంచివాడే అయినా సరే. ‘నేను స్పాన్సర్‌షిప్ తీసేస్తే నువ్వు రేపే ఇండియాకి’ అని బెదిరించే భర్తలు ఉన్నారు. 309 మీద ఆస్ట్రేలియాలో అడుగు పెట్టాక, ఇంట్లో హింస వల్ల బంధం తెగిపోతే, ఆ కారణం చూపించి పర్మనెంట్ వీసా పొందే ఏర్పాటు చట్టంలోనే ఉంది. హింస అంటే కొట్టడమే కాదు, డబ్బు అందకుండా చెయ్యడం, భయపెట్టడం కూడా. అక్కడ 1800రెస్పెక్ట్ అని రాత్రింబగళ్ళు పలికే ఫోను ఉంది, 1800 737 732. దుబాసీ కావాలంటే ఏర్పాటు చేస్తారు. ఈ నంబరు నీ ఫోనులో పెట్టుకో, నీ తర్వాత వెళ్ళే పిల్లలకీ ఇవ్వు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇద్దరూ చెరో స్టేట్‌మెంట్ రాయాలి కదా, దాన్ని ముందు తెలుగులో రాసుకో, అక్షరాలు రాకపోతే ఫోనులో చెప్పి రికార్డు చేసుకో. తర్వాత ఇంగ్లీషు చేద్దువు గాని. అతను అతనిది విడిగా రాయాలి, నీది చూసి ఎత్తి రాయకూడదు. చివర్లో తేదీలు మాత్రం ఇద్దరివీ కలిపి చూసుకోండి, నిశ్చితార్థం ఒకరు ఆదివారమని ఒకరు బుధవారమని రాస్తే అనవసరపు ప్రశ్నలు వస్తాయి. నేను సంక్రాంతి దాకా బరంపురంలోనే అమ్మ దగ్గర ఉంటాను. రాసింది పంపితే చదివి, ఎక్కడ ఏ కాగితం జత చేయాలో చెప్తాను.